నల్లారం పసరు పక్కన ఏం పెట్టి చూడాలి? ఒక గాయం మందు పరీక్ష పూర్తి వివరం

వరికోతల రోజులు. ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఒక కోయ గూడెం పక్కన పొలం గట్టు మీద నేను, నా దగ్గర ఎం.ఫార్మసీ చేస్తున్న విద్యార్థి కూర్చుని ఉన్నాం. ఆ ఊరు అతని మేనమామది. మా ఎదురుగా కోత కోస్తున్న ఒకతనికి కొడవలి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది. పక్క మడిలోంచి ఒక పెద్దాయన వచ్చి, గట్టు మీద పాకిన మొక్క నుంచి గుప్పెడు ఆకు తెంపి, అరచేతుల్లో నలిపి, పసరు తెగినచోట పిండారు. మిగిలిన పిప్పిని వేలికి అదిమి కాసేపు గట్టిగా పట్టుకుని, తలగుడ్డ చివర చింపి కట్టారు. తెగినతను చెంబెడు నీళ్లు తాగి మళ్లీ మడిలోకి దిగాడు.

"నల్లారం సారు. రక్తం కడుతుంది, చీము పట్టదు" అన్నారు పెద్దాయన, చేతులు కడుక్కుంటూ.

ఆ రెండు మాటలూ అప్పుడే నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఆ తరువాత ఏడాదిన్నర పాటు ఆ రెండింటినీ వదిలేసి, ఆయన అననే అనని మూడో మాటను ప్రయోగశాలలో పరీక్షించాను. సంప్రదాయ మందు మొక్కల మీద పని చేసే విద్యార్థులకు ఉపయోగపడుతుందని ఈ కేసును మొదటి నుంచి రాస్తున్నాను.

ముందు మొక్క సంగతి. నల్లారం అన్నా, గడ్డి చామంతి అన్నా, బలపాకు, పలకాకు అన్నా ఒకటే. పలకల మీద చదువుకున్న తరం వారు ఈ ఆకుతో పలక తుడిచిన వారే. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. పువ్వు అంచున ఉండే తెల్లని రేకలకు మూడేసి పళ్లుంటాయి. ఈ మొక్క పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. అక్కడి నుంచి కలుపుగా మన దేశం చేరి, రోడ్ల పక్కన, చేల గట్ల మీద స్థిరపడింది. సంప్రదాయం అనగానే వేల ఏళ్ల వెనక్కి చూడడం మనకు అలవాటు. సుశ్రుత సంహిత గాయాలకు అరవై ఉపక్రమాలు చెప్పింది. అయినా అంత పాత వైద్యానికి ఈ మొక్క తెలిసి ఉండే అవకాశం లేదు. పరాయి నేల నుంచి వచ్చిన కలుపు మొక్కను మన రైతులు, కోయలు, గోండులు తమ గాయాల మీదే పరీక్షించి, పనికొస్తుందని తేల్చుకుని, పిల్లలకు నేర్పారు. నా దృష్టిలో సంప్రదాయ జ్ఞానం గొప్పతనం దాని వయసులో కంటే ఈ పరిశీలనలో ఎక్కువగా ఉంది.

పెద్దాయనతో మాట్లాడి, ఆకును పరీక్షిస్తామని చెప్పి, ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాం. ఇక్కడ పసుపు కథ గుర్తు చేయాలి. పసుపుతో గాయం మాన్పడం తాము కనిపెట్టిన పద్ధతేనంటూ అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం వారు 1995లో పేటెంటు తీసుకున్నారు. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలను సాక్ష్యంగా చూపి సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. నిజామాబాదు, ఆర్మూరు చేలల్లో పసుపు తవ్వే ఏ ఇల్లాలిని అడిగినా చెప్పే సంగతికి పరాయి దేశంలో పత్రాలు చూపించి వాదించాల్సి వచ్చింది. కాగితం మీద లేని జ్ఞానాన్ని ఎవరైనా తమదనవచ్చు. అందుకే ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ మాటల్లో విన్నామో రాసి పెట్టుకోవడం పరిశోధకుడి మొదటి పని. 2002 జీవవైవిధ్య చట్టం ఉన్నది కూడా ఆ జ్ఞానం మీద వచ్చే లాభంలో దాన్ని కాపాడిన వారికి వాటా దక్కాలనే.

ఇక ఆకు సేకరణ. మొదటి బస్తా కూలికి కోయించాం. హనుమకొండ తెచ్చి నేల మీద పరిస్తే అందులో గుంటగలగర కలిసి ఉంది. రెండూ ఒకే కుటుంబం, పువ్వు రాలిపోయాక గుత్తులుగా కోసేటప్పుడు తేడా కనబడదు. నల్లారం కాడ, ఆకు గరుకుగా ఉంటాయి, పువ్వు పొడవాటి తొడిమ చివర ఒంటరిగా నిలబడుతుంది. గుంటగలగర తడి నేలను వెతుక్కుంటుంది. దాని కాడ విరిస్తే విరిగినచోట కొద్దిసేపట్లో నల్లబడుతుంది. నాలుగైదు వయ్యారిభామ రెమ్మలు కూడా బస్తాలో దొరికాయి. వయ్యారిభామ తగిలితే చర్మం దద్దుర్లెక్కి పుండ్లు పడే వారున్నారు. అది కలిసిన సారాన్ని పచ్చి పుండు మీద రాసి, ఫలితాన్ని నల్లారం పేరు మీద రాసుకునే వాళ్లం. బస్తా మొత్తం పారేశాం. రెండోసారి మేమే వెళ్లి, పువ్వున్న మొక్కలనే కోసి, వర్గీకరణ తెలిసిన వృక్షశాస్త్ర అధ్యాపకుడికి చూపించి, ఒక మొక్కను వేరుతో సహా నొక్కి ఆరబెట్టి, ఎండు మొక్కల నమూనాలు దాచే హెర్బేరియంలో సంఖ్య వేయించి భద్రపరిచాం. ఆ సంఖ్య లేకపోతే రేపు ఇంకొకరు ఈ పరీక్షను మళ్లీ చేసి చూడలేరు.

రెండో బస్తాలోని ఆకులో సగం వానాకాలం తేమకు నీడలోనే బూజు పట్టింది. ఆకును పలచగా పరిచి, కింద నుంచి గాలి ఆడే వెదురు తడికెల మీద ఆరబెట్టాలని అప్పుడు నేర్చుకున్నాం.

ఎండిన ఆకును పొడి చేసి, సాక్స్‌లెట్ గాజు పరికరంలో మిథనాల్‌తో సారం తీసి, మిథనాల్‌ను ఆవిరి చేస్తే ముదురు ఆకుపచ్చ జిగురు ముద్ద మిగిలింది. దాన్ని 5 శాతం చొప్పున మలాములో కలిపాం. మందుల ప్రమాణాల గ్రంథమైన బ్రిటిష్ ఫార్మకోపియాలో చెప్పిన సాదా మలాము మాకు ఆధారం: ఉన్ని కొవ్వు, గట్టి పారఫిన్, సీటోస్టియరిల్ ఆల్కహాల్ అయిదేసి పాళ్లు, తెల్లని మెత్తని పారఫిన్ 85 పాళ్లు.

జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకుని, విస్టార్ తెల్ల ఎలుకల మీద ఎక్సిషన్ గాయం పద్ధతిని అనుసరించాం. 1972లో మోర్టన్, మెలోన్ ప్రచురించిన పద్ధతికి ఇది నేటి రూపం. ఎలుకకు మత్తు ఇచ్చి, వీపు మీద వెంట్రుకలు తీసి, సుమారు 500 చదరపు మిల్లీమీటర్ల గుండ్రటి చర్మపు ముక్కను తొలగిస్తారు. రోజూ మందు రాస్తూ, రోజు విడిచి రోజు పారదర్శక కాగితం మీద పుండు అంచు గీసి, దాన్ని గ్రాఫ్ కాగితం మీద పెట్టి గళ్లు లెక్కపెడతారు. పక్కు రాలి, పచ్చి పుండు మిగలకుండా పోయిన రోజును కొత్త చర్మం పూర్తిగా పరుచుకున్న రోజుగా రాస్తారు. ఒకదాని పుండును ఒకటి నాకకుండా ప్రతి ఎలుకకూ వేరే పంజరం ఉండాలి.

మొదటి విడతలో మూడు గుంపులు పెట్టాం. ఒకదానికి ఏమీ రాయలేదు. ఒకదానికి నల్లారం మలాము. ఒకదానికి ఆసుపత్రుల్లో వాడే 5 శాతం పొవిడోన్ అయోడిన్ మలాము. నల్లారం రాసిన పుండ్లు ఏమీ రాయని వాటికన్నా స్పష్టంగా ముందే మూసుకున్నాయి. విద్యార్థి ముఖం వెలిగిపోయింది. నేనూ సంతోషపడ్డాను. పరిశోధనా పత్రం చిత్తుప్రతి సగం రాసేశాం.

దాన్ని చదివిన నా పాత సహాధ్యాయి ఫోను చేసి ఒకటే ప్రశ్న అడిగారు: "ఆకు కలపని ఒట్టి మలాము రాసిన గుంపు ఏది?"

లేదు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు తెలుసు, ఎందుకంటే దాని జవాబు 1962 నుంచీ అందరి ముందూ ఉంది. ఆ ఏడాది జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలి, కొన్నింటిని పలచటి పాలిథిన్ పొరతో కప్పారు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పాకింది. తడి ఆరని గాయంలో చర్మ కణాలు నేరుగా ముందుకు జరుగుతాయి. గాలికి ఎండి గట్టి పక్కు కట్టిన గాయంలో ఆ పక్కు కింద తడి ఉన్న లోతు వెతుక్కుంటూ పోవాలి. మా మలాములో నూటికి 85 పాళ్లు మెత్తని పారఫిన్. దానితో కప్పడమే ఒక వైద్యం. మేము చూసిన మెరుగు ఆకుదా, పారఫిన్‌దా? మా లెక్కల్లో దీనికి సమాధానం చెప్పే అంకె ఒక్కటీ లేదు.

రెండో విడత చేయాల్సి వచ్చింది. గుంపుకు ఆరు చొప్పున నాలుగు గుంపులు, 24 ఎలుకలు. జంతు ప్రయోగాల నీతికి రసెల్, బర్చ్ 1959లో వేసిన మూడు మెట్లున్నాయి: వీలైతే జంతువును వాడకు, వాడితే తక్కువ వాడు, వాడినదానికి బాధ తగ్గించు. పథకం వేసేటప్పుడు నేను పది నిమిషాలు సరిగ్గా ఆలోచించి ఉంటే ఈ 24 ప్రాణులకు వీపు కోయాల్సిన పని ఉండేది కాదు. ఆ విషయాన్ని ఇప్పుడు ప్రతి కొత్త బ్యాచికీ మొదటి పాఠంలో చెబుతాను, చెప్పేటప్పుడు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

ఈసారి ఇంకొక లోపాన్నీ సరిదిద్దాం. మొదటి విడతలో పుండు అంచు గీసిన వ్యక్తికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలుసు. అంచు ఎక్కడ ముగిసిందో కంటితో తేల్చేటప్పుడు మన కోరిక పెన్సిలును లోపలికి జరుపుతుంది. గుంపులు తెలియకుండా పెడదామంటే నల్లారం మలాము ఆకుపచ్చగా ఉంటుంది, పుండు చుట్టూ రంగు దిగుతుంది. ఒట్టి మలాములో రంగు కలిపితే అది ఇంకొక కొత్త పదార్థం అవుతుంది. చివరికి గీసే పని ఒకరికి, గళ్లు లెక్కించే పని ప్రయోగశాలతో సంబంధం లేని మరొకరికి అప్పగించి, కాగితాల మీద అంకెలు మాత్రమే ఉంచాం. గీసే చేతిలో పక్షపాతం మిగిలే ఉంటుంది, లెక్కించే కంట్లో మాత్రం లేకుండా చేయగలిగాం.

ఒట్టి మలాము రాసిన గుంపు గీత, నల్లారం మలాము గుంపు గీత గ్రాఫు మీద దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని దిగాయి. చర్మానికి బిగువిచ్చే కొలాజెన్ అనే ప్రొటీను ఎంత చేరిందో అంచనా వేసే హైడ్రాక్సీప్రోలిన్ పరీక్షలో నల్లారం వైపు కొంచెం మొగ్గు కనిపించింది గాని, ఒకే గుంపులోని ఎలుకకూ ఎలుకకూ ఉన్న తేడాల్లో అది కలిసిపోయింది. ఆరేసి జంతువులతో అంత చిన్న తేడాను ఇదీ అని చెప్పలేం.

దీన్ని బట్టి నల్లారం పనిచేయదని తేల్చడం తప్పు. ఈ మొక్క లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము చర్యను పెంచుతుందని మన దేశంలోనే ఎలుకల మీద జరిగిన పాత పరిశోధనలున్నాయి. కొలాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసి గాయానికి బిగువు ఇచ్చేది ఆ ఎంజైమే. పైగా ఎలుక చర్మం మన చర్మం లాంటిది కాదు. దాని కింద పలచటి కండర పొర ఉంటుంది, చర్మం వదులుగా ఉంటుంది. అందువల్ల ఎలుక పుండు ప్రధానంగా అంచులు దగ్గరికి ముడుచుకుని మూసుకుంటుంది. మనిషి పుండు ఎక్కువగా అడుగు నుంచి కొత్త కండ పెరిగి, పై నుంచి చర్మం పాకి మానుతుంది. పుండు ముడుచుకోకుండా చుట్టూ సిలికాన్ వలయం కుట్టే పద్ధతి ఉంది. ఇంకోసారి ఎలుకల మీద చేయాల్సి వస్తే ఆ పద్ధతిలోనే చేస్తాను.

అయితే నన్ను వెనక్కి నడిపించింది ఈ సాంకేతిక లోపాలు కాదు, నోటు పుస్తకం. పత్రం తిరగరాద్దామని పాత పేజీలు తిప్పుతుంటే పెద్దాయన మాట కనిపించింది. రక్తం కడుతుంది, చీము పట్టదు. పుండు ఎన్ని రోజుల్లో మానుతుందో ఆయన చెప్పలేదు. ఎండబెట్టిన ఆకు ఆయన వాడలేదు, మిథనాల్ అసలే వాడలేదు. పచ్చి ఆకు, అప్పుడే తీసిన పసరు, తెగిన మొదటి అయిదు నిమిషాలు. మేము పరీక్షించినది ఎండు ఆకు, మిథనాల్ సారం, రెండు వారాల పుండు. మొక్క పేరు తప్ప రెండింటికీ పోలిక లేదు. గాయం మందు అనగానే ఎక్సిషన్ పద్ధతి అని చేతికి అలవాటైపోయింది, ఆ అలవాటులో మనిషి చెప్పిన మాట జారిపోయింది.

మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి గాజు గొట్టాలతో. మానవ నైతిక కమిటీ అనుమతితో, నాతో పాటు ముగ్గురు అధ్యాపకులం రక్తం ఇచ్చాం. 37 డిగ్రీల నీటిలో గొట్టాలు నిలిపి, అర నిమిషానికోసారి వంచి, రక్తం జారడం ఆగిన సమయం రాసుకునే లీ, వైట్‌ల పాత పద్ధతి. ఒక గొట్టంలో సెలైన్ చుక్కలు, ఒకదానిలో అంతే కొలత పచ్చి పసరు, ఇంకొకదానిలో పటిక నీళ్లు. పటిక ఆలోచన విద్యార్థిది. గడ్డం గీసేటప్పుడు తెగితే క్షురకులు రుద్దేది అదే కదా అన్నాడు.

పసరు గొట్టం సెలైన్ గొట్టం కన్నా ముందే గట్టిపడింది. ఈసారి సంతోషించే ముందు ఆగాం. ఆకు పసరులో టానిన్లు ఉంటాయి, టానిన్లు ప్రొటీన్లను ముద్దకట్టిస్తాయి. గొట్టంలో మేము చూసింది నిజంగా రక్తం గడ్డకట్టడమా, లేక ప్రొటీన్లు విరిగి ముద్ద కావడమా? పాలు తోడుకున్నా ముద్దే, విరిగినా ముద్దే. తేల్చడానికి ఒక సులువైన దారి ఉంది. గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడిన సీరంలో, గడ్డ కట్టడానికి కావలసిన ఫైబ్రినోజన్ అనే ప్రొటీను మిగలదు, కాబట్టి అది మళ్లీ గడ్డకట్టదు. సీరంలో పసరు వేశాం. తెల్లటి తరకలు తేలాయి. పటిక వేసిన సీరంలోనూ తరకలే. అంటే మేము చూసిన గట్టిదనంలో కొంత భాగమైనా ప్రొటీన్లు విరిగిన ముద్దే.

ఇది పెద్దాయన మాటను తీసివేయదు. పటిక చేసేదీ ఇదే, పటిక పని చేస్తుందని అందరికీ తెలుసు. తెగిన సన్నని రక్తనాళాల నోళ్ల మీద ముద్ద కట్టి మూసినా రక్తం ఆగుతుంది. కాకపోతే పసరు రక్తం గడ్డకట్టే యంత్రాంగాన్నే ప్రేరేపిస్తుందని మేము రాయలేం, రాయలేదు.

చీము మాట దగ్గర మాకు దొరికింది సంతోషించే విషయం కాదు. కడగని ఆకు పసరును సూక్ష్మజీవులను పెంచి చూసే పోషక అగార్ పళ్లెంలో పూస్తే మరునాటికి రకరకాల సూక్ష్మజీవుల గుంపులు మొలిచాయి. పశువులు తిరిగే గట్టు మీద పాకిన ఆకు అది. మట్టిలో, పేడలో ధనుర్వాతం బీజాంశాలు ఉంటాయి, వాటికి గాలి తగలని లోతైన గాయమే కావాలి. కడిగిన ఆకు పళ్లెంలో గుంపులు బాగా తగ్గాయి, పూర్తిగా పోలేదు. నల్లారం వాడే వారికి నేను ఇప్పుడు చెప్పే మాటలు ఇవే: ఆకును మంచినీళ్లలో కడగండి, గాయం లోతైనదైనా, తుప్పుతోనో మట్టితోనో అయినదైనా పసరుతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం టీకా సంగతి చూసుకోండి.

మధ్యలో జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. మా పరీక్ష గురించి విని, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే ఒకాయన నా గదికి వచ్చారు. అరికాలిలో నెలల తరబడి మానని పుండు, పదేళ్ల నుంచి చక్కెర వ్యాధి. "మీ ఆకు మలాము ఇంత ఇవ్వండి సారు" అన్నారు. పుండు పక్కన వేలితో నొక్కితే ఆయనకు తెలియడం లేదు. ఆ పుండు పెరుగుతున్నది నరాలు మొద్దుబారి, రక్త ప్రసరణ తగ్గి, అదే చోట రోజంతా బరువు పడుతున్నందుకు. ఏ ఆకైనా ఆ బరువును తీయలేదు. శస్త్రచికిత్స వైద్యుడి దగ్గరకు నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. చచ్చిన కండ తీసి, కాలి మీద బరువు పడకుండా చెప్పు మార్చి, చక్కెరను అదుపులోకి తెచ్చారు. ఆ రోజు మలాము డబ్బా నా బల్ల మీదే ఉంది. ఇవ్వనందుకు ఆయన కొంచెం నొచ్చుకున్నారు, అయినా ఇవ్వకపోవడమే సరైన పని.

పోయిన కోతలకు మళ్లీ గూడెం వెళ్లాం. తెలిసినదంతా పెద్దాయనకు చెప్పాల్సిన బాకీ ఉంది. మలాము సంగతి, సీరం సంగతి, కడగని ఆకు సంగతి వివరించాను. ఆయన ఓపికగా విన్నారు. చివర్లో నాకున్న అసలు అనుమానం కూడా చెప్పాను: "మీరు పసరు పిండిన తరువాత పిప్పిని గట్టిగా అదిమి పట్టారు కదా. చిన్న గాయమైతే శుభ్రమైన గుడ్డతో ఊరికే అదిమి పట్టినా రక్తం ఆగుతుంది. ఆగింది ఆకు వల్లా, అదమడం వల్లా?"

పెద్దాయన తన భుజం మీది తువ్వాలు తీసి నా చేతిలో పెట్టారు. చెమట, దుమ్ము, వరి నూగు. "కోతల్లో శుభ్రమైన గుడ్డ ఎక్కడుంటుంది సారు? ఇదే ఉంటుంది. దీనితో అదిమితే మంచిదా, ఆకుతో అదిమితే మంచిదా, అది చూసి చెప్పండి."

నేను ఒట్టి మలాము గుంపు మరిచిపోయాను, ఆయన మరిచిపోలేదు. వాడే మనిషి ముందు నిజంగా ఉన్న ఇంకో దారి ఏదో, ఆకు పక్కన దాన్నే పెట్టి చూడాలి. ప్రయోగశాలలో శుభ్రమైన గాజుగుడ్డ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పొలంలోనూ ఉంటుందని అనుకున్నాను.

తరువాతి విడత పథకం కమిటీ ముందు ఉంది. ఇందులో ఎలుకలు లేవు. నాలుగు పళ్లేలు: కడగని ఆకు పిప్పి, కడిగిన ఆకు పిప్పి, ఆ రోజు పొలంలో వాడిన తువ్వాలు ముక్క, ఉడికించి ఆరబెట్టిన నూలు గుడ్డ. ఒక్కో దాని నుంచి గాయంలోకి ఎంత సూక్ష్మజీవి చేరుతుందో ముందు లెక్కిస్తాం. తువ్వాలు ముక్కలు పెద్దాయనే ఇస్తానన్నారు. కోతలు మొదలవగానే కబురు చేస్తారు.